17వ శతాబ్దపు ఫ్రెంచ్ బుకనీరు బట్టలు: వేటగాడు, సముద్రపు దొంగ, కెప్టెన్‌లలో ఎవరివి కుట్టించుకోవాలి?

బుకనీరు డ్రెస్ కావాలని టైలర్ దగ్గరికి వెళ్లేవాళ్ల ఫోన్‌లో దాదాపు ఎప్పుడూ ఒకే బొమ్మ ఉంటుంది. తలకు ఎర్ర గుడ్డ, చెవికి రింగు, నడుముకు పొడవాటి చుట్టు, మోకాళ్లు దాటిన బూట్లు. ఆ బొమ్మలో 17వ శతాబ్దం ఉన్నది చాలా తక్కువ. ఆ రూపాన్ని జనం మనసులో ముద్ర వేసింది హోవర్డ్ పైల్ (1853–1911) అనే అమెరికన్ చిత్రకారుడు. స్పెయిన్ జానపదుల, జిప్సీల వేషాలు చూసి ఆయన దొంగలకు అలంకారం చేశాడు. సినిమాలు దాన్నే పట్టుకున్నాయి.

అసలు బుకనీరు మొదట్లో సముద్రపు దొంగే కాదు. హిస్పానియోలా ద్వీపం పడమటి భాగంలో (ఫ్రెంచివాళ్లు సాన్ దొమాంగ్ అన్నారు, ఇప్పటి హైతీ), పక్కనున్న టార్టుగా ద్వీపంలో తిరుగుతూ అడవి పశువుల్ని, పందుల్ని వేటాడినవాడు. మాంసాన్ని పొగబెట్టే కట్టెల మంచె పేరు బుకాన్. దాని నుంచి ఫ్రెంచిలో బుకానియే వచ్చింది. వీళ్లను వెళ్లగొట్టడానికి స్పెయిన్‌వాళ్లు ఆ పశువుల మందల్నే చంపించారు. వేట తగ్గేకొద్దీ చాలామంది పడవలెక్కి దోపిడీలకు దిగారు. ఆ దిగినవాళ్లను ఫ్రెంచివాళ్లు ఫ్లిబుస్టియే అన్నారు. ఇంగ్లిష్‌లో మాత్రం అందరినీ కలిపి బుకనీర్లు అనేశారు. మన గందరగోళం అక్కడే మొదలవుతుంది.

అందుకే గుడ్డ కొనకముందు తేల్చుకోవలసింది ఒకటే: ఏ మనిషి, ఏ సంవత్సరం? 1665లో అడవిలో ఉన్నవాడికి, 1697లో కార్టహేనా (ఇప్పటి కొలంబియాలో స్పెయిన్‌వాళ్ల రేవు) కోట మీదికి వెళ్లినవాడికి మధ్య ఒక తరం తేడా ఉంది. టోపీ మారింది, కోటు మారింది, బూటు మూసే పద్ధతి కూడా మారింది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను ఐదు విషయాలు చూస్తాను: ఆధారాలు ఎంత గట్టివి, గుడ్డకు ఎంత అవుతుంది, కుట్టడం ఎంత కష్టం, మన ఎండలో వేసుకోగలమా, చూసినవాళ్లు గుర్తుపడతారా. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నిజానికి చాలామంది ఆగిపోయేది అక్కడే.

| | వేటగాడు (బుకానియే) | సముద్రపు దొంగ (ఫ్లిబుస్టియే) | కెప్టెన్ |
|---|---|---|---|
| సరిపోయే కాలం | 1640–1680 | 1670–1697 | 1675–1697 |
| ఆధారాలు | గట్టివి, రాతలో ఉన్నాయి | కొన్ని బొమ్మలు, ఆనాటి నావికుల బట్టలు | ఫ్రాన్స్ ఫ్యాషన్ నుంచి తీసుకోవాలి |
| ముఖ్యమైన గుడ్డ | ముతక లినెన్ లేదా హెంప్ (గంజాయి మొక్క నార) | అదే, కొంత ఊలు | బనాతు (మందపాటి ఊలు గుడ్డ), లైనింగ్, లేసు |
| సుమారు గుడ్డ | 7 మీటర్లు | 8–9 మీటర్లు | 12 మీటర్లు, ఆపైన |
| కుట్టుపని | తేలిక | మధ్యస్థం | అనుభవం ఉన్న చేయి కావాలి |
| మే నెల ఎండలో | హాయి | ఫర్వాలేదు | వద్దు |
| చూసినవాళ్లు ఏమంటారు | కసాయివాడా? | పడవవాడా? | పైరేట్! |

వేటగాడు

నా ఓటు వీడికే. కారణం సెంటిమెంట్ కాదు. ముగ్గురిలో వీడి బట్టల గురించే ఎక్కువమంది, ఎక్కువ వివరంగా రాశారు. ద్యు తెర్త్ర్ అనే డొమినికన్ సన్యాసి (ఆయన చరిత్ర 1667–1671లో అచ్చయింది) వీళ్లకు ఒక చిన్న లోలాగు, మహా అయితే ఒక చొక్కా తప్ప ఇంకేమీ ఉండదన్నాడు. ఎనిమిది రోజులు కబేళాలో ఉండి ఒళ్లు కడుక్కోని కసాయి నౌకర్లలా ఉంటారని పోల్చాడు. 1694 నుంచి పదేళ్లకు పైగా ఆ ద్వీపాల్లో ఉన్న లబా అనే మరో సన్యాసి లెక్క ఇంకా స్పష్టం: రెండు చొక్కాలు, ఒక లాగు, ఒక కసాక్ (వదులు జాకెట్), అన్నీ ముతక నారగుడ్డవే. తలకు పాత టోపీ బుర్రతో చేసిన కుళ్లాయి, అంచు ముఖం మీద మాత్రమే. షార్లెవ్వా అనే జెస్యూట్ 1730లలో అచ్చయిన చరిత్రలో రక్తం ఇంకిన చొక్కా, అంతకంటే మురికి లాగు, తోలు పట్టీకి వేలాడే ఒరలో ఫ్లెమిష్ కత్తులు, ఒక పొట్టి కత్తి, మేజోళ్లు లేని కాళ్లు, పందితోలు చెప్పులు అని వర్ణించాడు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ద్యు తెర్త్ర్ ఆ కాలపు మనిషి. లబా సాన్ దొమాంగ్ చూసేసరికి పాత వేటగాళ్లు చాలావరకు పోయారు. షార్లెవ్వా ఇంకా వెనకొచ్చినవాడు, ఇతరుల కాగితాల మీద ఆధారపడ్డవాడు. ముగ్గురూ కలిసేచోట ధైర్యంగా కుట్టండి: నారగుడ్డ చొక్కా, లాగు, మురికి. ఒక్కరే చెప్పినచోట మీ అభిరుచి.

*చొక్కా.* ఇది మన జుబ్బాకు దగ్గరి చుట్టం. గుడ్డను భుజం మీద మడిచి ముందూ వెనకా ఒకే ముక్కగా వదిలేస్తారు, భుజం కుట్టు ఉండదు. చేతులు నలుచదరపు ముక్కలు, మణికట్టు దగ్గర కుచ్చులు పెట్టి సన్నటి పట్టీలోకి దించుతారు. చంక కింద చదరపు ముక్క వేస్తారు. అది లేకపోతే చేయి ఎత్తగానే చిరుగుతుంది. ఛాతీ దాకా ఒక చీలిక, మెడ దగ్గర ఒక గుండీ లేదా బొందు. పొడవు మోకాలికి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే లోపలి బట్టా అదే, రాత్రి పడుకునే బట్టా అదే. ఛాతీ మీద ఇత్తడి రింగులు కొట్టి తోలు తాడుతో అల్లిన చొక్కా అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, దాన్ని పక్కన పెట్టండి. లోహపు రింగులు 19వ శతాబ్దపువి.

*లాగు.* చల్లడం చూసినవాళ్లకు వివరించక్కర్లేదు. వదులుగా, మోకాలి దాకా, నడుం పట్టీకి బొందు. ఎలాస్టిక్ వద్దు. మీ టైలర్ తప్పకుండా వేస్తానంటాడు, ముందే చెప్పండి.

*కసాక్.* తుంటి కిందికి వచ్చే వదులు జాకెట్, లైనింగ్ అక్కర్లేదు. స్టేజీ మీద కాసేపు కనబడి వెళ్లే పాత్రకైతే ఇది మానేసినా తప్పు లేదు.

*టోపీ.* ఊలు ఫెల్ట్ టోపీ పాతది ఒకటి సంపాదించి ముందు భాగంలో తప్ప అంచంతా కత్తిరించేయాలి. పొదల్లో అంచు చిక్కుకోకుండా, ఎండ మాత్రం కళ్లలో పడకుండా చేసుకున్న ఏర్పాటు. ఈ ఒక్క వస్తువు వేషాన్ని నిలబెడుతుంది, ఖర్చు దాదాపు లేదు.

*కాళ్లు.* లబా చెప్పిన చెప్పు తయారీ వింటే ఒళ్లు జలదరిస్తుంది. పశువును చంపిన వెంటనే కాలి తోలును ఊడదీసి, వెచ్చగా ఉండగానే అందులోకి పాదం దూర్చేవాళ్లు. మోకాలు ఉండేచోట బొటనవేలు వచ్చేది. కొసను నరంతో కట్టి, చీలమండ పైన మూడు నాలుగు వేళ్ల ఎత్తులో కోసి, పాదం మీదే ఎండనిచ్చేవాళ్లు. మనం చేయగలిగింది రెండు రకాలు. డప్పులు బిగించేవాళ్ల దగ్గర పచ్చితోలు తీసుకుని నానబెట్టి కాలికి చుట్టి ఆరబెట్టడం ఒకటి. రూపం అచ్చం వస్తుంది, కానీ వాన తగిలితే మళ్లీ మెత్తబడి జారుతుంది, వాసన వేస్తుంది. చెట్టు బెరడుతో ఊనిన తోలుతో, అడుగు లేకుండా, పాదం చుట్టూ సంచిలా కుట్టుకోవడం రెండోది. రోజంతా నడవాలంటే రెండోదే. ఏదీ కుదరకపోతే వట్టి కాళ్లతో ఉండండి, షాపు శాండల్స్ కంటే అదే నిజానికి దగ్గర.

*మురికి.* కొత్త గుడ్డలో మెరిసే బుకనీరు పెళ్లికి వచ్చిన బంధువులా ఉంటాడు. రక్తం అనగానే ఎర్ర రంగు పూసేస్తారు కొందరు. ఎండిన రక్తం ఎర్రగా ఉండదు, గోధుమ రంగుకు తిరిగిపోతుంది. కిళ్లీలో వేసే కాచు వేడినీళ్లలో కరిగించి మరకలు వేస్తే ఆ రంగు బాగా వస్తుంది, ఉతికినా అంత తేలిగ్గా పోదు. నల్లటి జిడ్డు కోసం కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టిన నీళ్లు రాయండి. కలంకారీ పనివాళ్లు నల్లగీత తీసేది ఈ రెండిటి కలయికతోనే. మరకలు అంతటా సమంగా వేయకండి. తొడల మీద, పొట్ట మీద, కుడిచేతి కఫ్ మీద ఎక్కువ, వీపు మీద చెమట తప్ప ఏమీ ఉండదు.

వీడితో ఉన్న చిక్కు ఒకటే. కాస్ట్యూమ్ పోటీలో మీరు అన్నీ సరిగ్గా చేసి నిలబడితే, పక్కన వంద శాతం పాలిస్టర్ కెప్టెన్‌కు చప్పట్లు పడతాయి. దానికి సిద్ధపడే వెళ్లాలి.

సముద్రపు దొంగ

మధ్యేమార్గం కావాలంటే ఇతను. 1683లో మెక్సికో రేవు వెరాక్రూజ్ దోపిడీకి లారెన్స్ ద గ్రాఫ్, గ్రామోన్ అనే దొంగల నాయకులతో వెళ్లినవాళ్లలో ఒకణ్ణి ఊహించుకోండి. వెడల్పాటి కాన్వాస్ లాగు మోకాలి దాకా, తుంటి దాకా పొట్టి జాకెట్, అదే చొక్కా, మెడలో ముడివేసిన గుడ్డ, వెడల్పు అంచు టోపీ లేదా అల్లిన ఊలు కుళ్లాయి. నడుముకు తూటాల పెట్టె, పక్కన పొట్టి కత్తి, చేతిలో పొడవాటి తుపాకి. 1680లలో గీసిన ఫ్రెంచ్ పటాల మూలల్లో ఇలాంటి మనుషుల బొమ్మలు కొన్ని మిగిలాయి. వాటిలో తలగుడ్డ, చెవి రింగుల కంటే టోపీ, తూటాల పెట్టె ముఖ్యం.

ఓడలో వట్టికాళ్లు, ఒడ్డున మేజోళ్లు, బూట్లు. బూటు ఆ కాలంలో ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే అచ్చు మీద చేసేవాళ్లు. మామూలు మనిషి బూటుకు బొందు చాలు. బకిల్ అప్పటికి వచ్చింది (లండన్‌లో సామ్యుయెల్ పీప్స్ 1660 జనవరిలో బకిళ్లు పెట్టడం మొదలుపెట్టానని డైరీలో రాసుకున్నాడు), కానీ అతను ప్రభుత్వ ఉద్యోగి, మనవాడు కాడు.

ఈ వేషంలో మంచి సంగతి, దోచిన వస్తువు ఒకటి వేసుకోవచ్చు. ఒక్కటే. స్పెయిన్ నుంచి వచ్చిన నల్ల జాకెట్టో, పట్టు మెడగుడ్డో. మూడు నాలుగు పెడితే మళ్లీ సినిమా అయిపోతుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక ఆశ పుడుతుంది: మన కలంకారీ పెట్టొచ్చా? సంబంధం ఊహ కాదు. ఫ్రెంచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1664లో పుట్టి 1669లో మచిలీపట్నంలో వ్యాపారకేంద్రం పెట్టింది. అప్పుడది గోల్కొండ రాజ్యం రేవు. భారతదేశపు అద్దకం గుడ్డలకు ఫ్రాన్స్‌లో ఎంత మోజు పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ల గోల భరించలేక ప్రభుత్వం 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. కాబట్టి 1680ల ఓడ దొంగ మెడలో పెడన అద్దకం రుమాలు ఒకటి నేను ఒప్పుకుంటాను. చిరివేరు ఎరుపు, నలుపు, చిన్న పువ్వులు చాలు, ఈ రోజుల్లో చీరల మీద వేసే పెద్ద నెమళ్లు వద్దు. 1660ల వేటగాడి మెడలో మాత్రం అది అతకదు.

కెప్టెన్

క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇది నిజానికి బుకనీరు బట్ట కాదు, పారిస్ ఫ్యాషన్ కరీబియన్‌కు వచ్చిన సంగతి. జుస్తొకోర్ అనే మోకాలి దాకా కోటు, కింద దాకా వరుసగా గుండీలు, మడిచిన పెద్ద కఫ్‌లు, తొడల దగ్గర జేబులు. లోపల పొడవాటి వెస్ట్, లాగు, మేజోళ్లు, లేసు క్రవాట్ (మెడకు కట్టే గుడ్డ). కోటుకే నాలుగు మీటర్ల బనాతు, అంతే లైనింగ్. గుండీలు గుడ్డ చుట్టినవైతే వాటికే వారం పడుతుంది, కాజాలు చేత్తో తీస్తే ఇంకో వారం.

సంవత్సరం ఇక్కడ చాలా ముఖ్యం. 1680 అయితే టోపీ అంచు వెడల్పుగా, ఒక పక్క ఎత్తి ఉండొచ్చు. మూడు మూలల టోపీ 1690లలోగానీ స్థిరపడలేదు. క్రవాట్ కొసల్ని మెలిపెట్టి కోటు కాజాలోకి దూర్చే స్టైన్‌కెర్క్ పద్ధతి 1692లో ఆ పేరుతో జరిగిన యుద్ధం తర్వాతిది. రెండూ కావాలంటే 1697 కార్టహేనా ముట్టడి పెట్టుకోండి, ఫ్రెంచ్ నౌకాధిపతి పోంతిస్ నౌకలతో పాటు సాన్ దొమాంగ్ గవర్నర్ ద్యుకాస్ వెంట అక్కడి మనుషులు కూడా వెళ్లారు. మోకాళ్లు దాటే బూట్లు గుర్రపు రౌతులవి. ఓడ మీద ఎవడూ వేసుకోడు.

గుడ్డ

డబ్బంతా ఇక్కడ పెట్టండి. ఒర, బెల్టు, మెరిసే కత్తి తర్వాత. కత్తి, తుపాకి చెక్కవి చాలు, పోలీసుల టెన్షన్ కూడా ఉండదు.

| గుడ్డ | నిజానికి ఎంత దగ్గర | ఎండలో | ఎవరికి |
|---|---|---|---|
| లినెన్ (చొక్కాకు 150–180 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు), లాగుకు 250 పైన) | అచ్చం | చాలా బాగు | బడ్జెట్ ఉన్నవాళ్లకు |
| హెంప్ కాన్వాస్ | అచ్చం | కొత్తలో గరుకు, ఉతికేకొద్దీ మెత్తన | లాగు, కసాక్ |
| కోరా నూలు, ముతక ఖాదీ | కంటికి దగ్గర, నార వేరు | బాగు | నాటకాలకు, గ్రూపుకు |
| పాలీకాటన్ | దూరం | ఉడికిపోతారు | ఎవరికీ వద్దు |

లినెన్ అని రాసి అమ్మేదంతా లినెన్ కాదు. నేను ఒకసారి అంచు మీద పేరు చూసి ఐదు మీటర్లు తెచ్చి ఉతికాక తెలుసుకున్నాను, సగం సింథటిక్ అని. కొనేముందు రెండు పోగులు లాగి కాల్చండి. కాగితం వాసన వచ్చి బూడిద రాలితే మొక్క నార, ముద్దగా కరిగి గట్టిపడితే ప్లాస్టిక్. ఈ పరీక్ష నూలుకీ లినెన్‌కీ తేడా చెప్పదు. ఆ తేడాకు లినెన్ పోగులో అక్కడక్కడ లావు ముడులు, చేతికి చల్లదనం చూడండి. ఏ గుడ్డైనా కత్తెర పెట్టకముందు తడిపి ఆరబెట్టాలి, కుట్టాక గుడ్డ ముడుచుకుపోతే చంక ముక్క పట్టదు.

తెల్లగా బ్లీచ్ చేసిన గుడ్డ వేటగాడికి వద్దు. నార సహజ రంగు, లేదంటే నీలి. సాన్ దొమాంగ్‌లోనే నీలిమందు పండించారు, నీలం అందుబాటులో ఉన్న రంగే.

మిషనా, చేతి కుట్టా

కుట్టు మిషన్ 19వ శతాబ్దపుది. అయినా లోపలి పొడవు కుట్లు మిషన్ మీద వేసి, బయటికి కనబడే అంచులు, కాజాలు, కాలర్ చేత్తో కుట్టడం చాలామందికి సరైన బేరం. పది అడుగుల దూరం నుంచి ఎవరూ పట్టలేరు. కెమెరా దగ్గరగా వచ్చే షార్ట్ ఫిల్మ్‌కు కఫ్, కాలర్, ఛాతీ చీలిక చేతి కుట్టే ఉండాలి. విదేశాల్లో చరిత్ర పునఃప్రదర్శన గ్రూపుల్లో చేరే తెలుగువాళ్లకు మాట వేరు. అక్కడ కొన్ని గ్రూపులు లోపలి కుట్టు కూడా తిప్పి చూస్తాయి, చేరకముందే నియమాలు అడిగి తెలుసుకోండి. పూర్తిగా చేతికుట్టుకు దిగితే తేనెమైనం రాసిన లినెన్ దారం వాడండి, మెలి పడదు, తెగదు. నా మొదటి చొక్కాకు ఆరు ఆదివారాలు పట్టింది, రెండోదానికి మూడు.

మీ పరిస్థితికి

కాలేజీ నాటకం, పదిమంది గుంపు, వారం టైమ్: అందరికీ కోరా చొక్కాలు, చల్లడాలు, కత్తిరించిన టోపీలు. గుంపులో ఒక్కడికే కసాక్. వేటగాళ్ల గుంపు వచ్చినంత చవగ్గా ఇంకే కాలపు సైన్యమూ రాదు.

హైదరాబాద్‌లో కామిక్ కాన్ లాంటి చోట్ల ఫోటోలు ముఖ్యమైతే సముద్రపు దొంగ. తూటాల పెట్టె, పొడవాటి చెక్క తుపాకి చూడగానే జనం ఏదో పోల్చుకుంటారు, మీరూ అబద్ధం ఆడనక్కర్లేదు. తుపాకి గొట్టం పొడవు నాలుగున్నర అడుగులని పాత రాతలు చెబుతాయి, పిడితో కలిపితే మనిషంత అవుతుంది, మెట్రోలో ఎలా తీసుకెళ్తారో ముందే ఆలోచించుకోండి.

కెప్టెన్ వేయాలని మనసు లాగితే, ఏసీ హాలు, మంచి టైలర్, మూడు నెలలు ఉన్నాయా చూసుకోండి. ఒక్కటి లేకపోయినా నేనైతే వద్దంటాను. సగం డబ్బుతో చేసిన కెప్టెన్ బ్యాండ్‌మేళం మాస్టర్‌లా ఉంటాడు.

ఇంకా ఎటూ తేలకపోతే చొక్కాతో మొదలుపెట్టండి. ముగ్గురికీ కటింగ్ ఒకటే, కెప్టెన్‌కైతే సన్న గుడ్డ, లేసు, అంతే తేడా. మొదటిది ముతక గుడ్డతో కుట్టి, రెండు నెలలు ఇంట్లో నైట్ డ్రెస్‌గా వేసుకోండి. చంక ముక్క ఎక్కడ బిగుస్తుందో, మెడ ఎక్కడ రాస్తుందో అప్పుడు తెలుస్తుంది. లబా లెక్కలో చొక్కాలు ఎలాగూ రెండు. రెండోది ఆ తప్పులు దిద్ది కుట్టండి, మొదటిదానికి కాచు పట్టించేయండి.